కుక్క కడుపులో ఏముంది? స్కానింగ్ చెప్పేది, చెప్పలేనిది



వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు వ్యాసం రాయమని వార్డెన్ గారు అడిగారు. మేము ముగ్గురం ఈ హాస్టల్‌లోనే ఉండి పదో తరగతి దాకా చదువుకున్నాం, ఇప్పుడు పశువైద్య విద్య చదువుతున్నాం. ఊళ్లో అందరూ మమ్మల్ని అడిగేది గేదెల గురించి, గొర్రెల గురించి. అందుకే మొదట పాడి మీద రాద్దామనుకున్నాం. కానీ మా ముగ్గురికీ ఈ హాస్టల్ అనగానే గుర్తొచ్చే ఒక కుక్క ఉంది. దాని పేరు రాజి. కాబట్టి ఈ వ్యాసం కుక్కల గురించి, వాటికి చేసే అల్ట్రాసౌండ్ స్కానింగ్ గురించి.

2018లో మేము తొమ్మిదో తరగతి. రాజి నీళ్ల ట్యాంకు పక్కన ఉండేది. ఎర్రటి కుక్క, ఒక చెవి సగం తెగి ఉండేది. ఒక నెలలో దాని చుట్టూ మగకుక్కలు తిరిగాయి. ఆ తర్వాత రెండు నెలలకు పొట్ట పెరిగింది. ఇంకేముంది, రాజి చూడితో ఉందని హాస్టల్ అంతా చెప్పుకున్నాం. గోనెసంచి పరిచాం. మా కంచాల్లోంచి పెరుగన్నం తీసి పెట్టాం. అది తినేది కాదు, నీళ్లు మాత్రం విపరీతంగా తాగేది. బకెట్లో మూతి పెడితే తీసేది కాదు. కడుపుతో ఉంది కదా దాహం వేస్తుందిలే అనుకున్నాం. పదిరోజుల తర్వాత ఒక పొద్దున్న చనిపోయి కనిపించింది. కాన్పు కష్టమై చనిపోయిందని వాచ్‌మన్ అన్న అన్నాడు. మేమూ అదే నమ్మాం. ట్యాంకు వెనక గొయ్యి తీసి పూడ్చాం.

నాలుగో సంవత్సరంలో గర్భకోశ వ్యాధుల క్లాసులో మా సార్ ఒక స్కాన్ బొమ్మ చూపించి లక్షణాలు చెప్పుకుంటూ పోయారు. ఎద తగ్గిన ఒకటి రెండు నెలలకు పొట్ట పెరగడం, తిండి మానేయడం, అతిగా నీళ్లు తాగడం, అతిగా మూత్రం పోయడం. మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. రాజి కడుపులో పిల్లలు లేవు. గర్భాశయం నిండా చీము. ఆ జబ్బును పయోమెట్రా అంటారు. దాన్ని తెరిచి చూడలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేం కానీ మా ముగ్గురికీ అనుమానం లేదు.

ఇక పాఠంలోకి వెళ్దాం. కుక్క పొట్ట పెరిగితే మూడు కారణాలు ముందు గుర్తుకు రావాలి. ఒకటి నిజమైన చూలు. రెండు దొంగ చూలు. మూడు చీము. (పొట్టలో నీరు చేరడం, పురుగులు, గడ్డలు వంటివి ఇంకా ఉన్నాయి, వాటిని ఇక్కడ వదిలేస్తున్నాం.) ఈ మూడూ బయటికి ఒకేలా కనిపించడానికి కారణం కుక్క శరీరంలోనే ఉంది. ఆవులోనైతే చూలు నిలవకపోతే మూడు వారాలకు మళ్లీ ఎద వస్తుంది, రైతుకు వెంటనే తెలిసిపోతుంది. కుక్కలో అలా కాదు. ఎద అయిపోయాక చూలు నిలిచినా నిలవకపోయినా అండాశయం దాదాపు రెండు నెలలు ప్రొజెస్టిరాన్ అనే హార్మోనును వదులుతూనే ఉంటుంది. అంటే శరీరం రెండు సందర్భాల్లోనూ చూలుతో ఉన్నట్టే నడుచుకుంటుంది. చివర్లో ఆ హార్మోను తగ్గి, పాలకు సంబంధించిన ప్రొలాక్టిన్ పెరిగినప్పుడు, చూలు లేని కుక్కకు కూడా చన్నులు ఉబ్బి పాలు వస్తాయి. మూలన గొయ్యి తవ్వుకుంటుంది. గుడ్డపేలికను పిల్లలా నోట కరుచుకొని తిరుగుతుంది. ఇదే దొంగ చూలు. దీనితో ప్రాణభయం లేదు, చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది.

చీము పట్టడం కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే జరుగుతుంది. ప్రొజెస్టిరాన్ ప్రభావంతో గర్భాశయపు గోడ మందమవుతుంది, లోపల ద్రవాలు ఊరతాయి, మూతి బిగుసుకుంటుంది. ఎద సమయంలో లోపలికి చేరిన సూక్ష్మజీవులు, ఎక్కువగా ఈ-కోలై, అక్కడ పెరుగుతాయి. మూతి తెరిచి ఉంటే చీము బయటికి కారుతుంది, మనకు తెలుస్తుంది. మూతి మూసుకుంటే బయటికి చుక్క కూడా రాదు, పొట్ట మాత్రం పెరుగుతుంది. ప్రమాదం ఎక్కువగా ఉండేది ఈ రెండో రకంలోనే. సాధారణంగా దీనికి చికిత్స ఆపరేషన్ చేసి గర్భాశయాన్ని, అండాశయాలను తీసేయడమే. త్వరగా చేస్తే కుక్క బతుకుతుంది.

మనుషులకు మెడికల్ షాపులో దొరికే పట్టీ మీద మూత్రం వేసి చూడొచ్చు కదా అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఆ పట్టీ గుర్తించేది హెచ్‌సీజీ అనే హార్మోనును. అది మనుషుల మావి నుండి వచ్చేది. కుక్కకు అది ఉండదు కాబట్టి ఆ పట్టీ ఎప్పుడూ లేదనే చెబుతుంది. ప్రొజెస్టిరాన్ పరీక్ష చేసినా లాభం లేదు, పైన చెప్పినట్టు అది మూడింటిలోనూ ఉంటుంది. కుక్క మావి నుండి వచ్చే రిలాక్సిన్ అనే హార్మోనును రక్తంలో చూసే పరీక్ష ఒకటి ఉంది. సుమారు నాలుగు వారాలు దాటాక అది పనికొస్తుంది. కానీ చూలు ఉందా లేదా అన్నంతవరకే దాని జవాబు. లోపలి పిల్లలు బతికి ఉన్నాయా, లేకపోతే ఉన్నది చీమా అన్నవి స్కానింగే చూపించాలి.

స్కానింగ్ యంత్రం పని చేసేది మీరు ధ్వని పాఠంలో చదివే ప్రతిధ్వని సూత్రం మీదే. మన చెవి 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. కుక్క సుమారు 45,000 దాకా వింటుంది. కుక్క కడుపు స్కాన్ చేసే యంత్రం వాడేది సాధారణంగా 50 లక్షల నుండి కోటి హెర్ట్జ్ ధ్వని. అంటే ఆ శబ్దం కుక్కకు కూడా వినపడదు. శబ్దానికి అది భయపడుతుందేమో అన్న అనుమానం అక్కర్లేదు. అది భయపడేది బల్లను చూసి, మనల్ని చూసి. యంత్రానికి ఉండే చేతిపిడిని ప్రోబ్ అంటారు. దానిలో ప్రత్యేకమైన స్ఫటికాలు ఉంటాయి. విద్యుత్తు ఇస్తే అవి కంపించి ధ్వనిని పుట్టిస్తాయి, తిరిగి వచ్చిన ధ్వని తగిలితే విద్యుత్తును పుట్టిస్తాయి. ఒత్తిడితో స్ఫటికంలో విద్యుత్తు పుడుతుందని పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ 1880లో కనుగొన్నారు.

మెత్తటి కండరంలో ధ్వని వేగం సెకనుకు 1540 మీటర్లుగా తీసుకుంటారు. ఒక పిల్ల చర్మానికి 5 సెంటీమీటర్ల లోతులో ఉందనుకుందాం. ధ్వని పోయి రావాలి కాబట్టి దూరం 10 సెంటీమీటర్లు, అనగా 0.1 మీటరు. దీన్ని 1540తో భాగిస్తే సుమారు 0.000065 సెకను. యంత్రం ఇంత చిన్న కాలాన్ని కొలిచి, ప్రతిధ్వని ఎంత లోతు నుండి వచ్చిందో లెక్కగట్టి అక్కడ ఒక చుక్క పెడుతుంది. గట్టిగా వచ్చిన ప్రతిధ్వనికి తెల్ల చుక్క, రాని చోట నలుపు. ఇలాంటి చుక్కలన్నీ కలిసి బొమ్మ. పదో తరగతి తమ్ముళ్లు ఇంకో లెక్క చేసి చూడండి. 75 లక్షల హెర్ట్జ్ ధ్వనికి తరంగదైర్ఘ్యం ఎంత? 1540ని 75 లక్షలతో భాగించండి. సుమారు 0.2 మిల్లీమీటరు వస్తుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ బొమ్మ సన్నగా, స్పష్టంగా వస్తుంది, కానీ ధ్వని అంత లోతుకు పోదు. పెద్ద కుక్కకు ఒక ప్రోబ్, చిన్న కుక్కపిల్లకు ఒక ప్రోబ్ వాడేది అందుకే.

గాలి ఈ ధ్వనికి గోడ వంటిది. దాదాపు అంతా అక్కడే తిరిగి వచ్చేస్తుంది. వెంట్రుకల మధ్య గాలి ఉంటుంది కాబట్టి పొట్ట మీద వెంట్రుకలు గొరిగి, చల్లటి జెల్ రాస్తారు. పేగుల్లో గ్యాసు ఉన్నా బొమ్మ చెడుతుంది. అందుకని పెద్ద కుక్కకు వీలైతే ముందు కొన్ని గంటలు తిండి పెట్టరు. పాలు తాగే చిన్నపిల్లను మాత్రం అలా పస్తు ఉంచకూడదు, రక్తంలో చక్కెర పడిపోతుంది.

ఈ యంత్రం వైద్యంలోకి వచ్చిన కథలో మాకు బాగా నచ్చిన ముక్క ఒకటి చెప్పాలి. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే స్త్రీల వైద్యుడు ఉండేవాడు. బాయిలర్లు తయారు చేసే ఒక ఫ్యాక్టరీలో ఇనుములో పగుళ్లు వెతకడానికి అల్ట్రాసౌండ్ వాడుతున్నారని తెలిసి, 1955లో ఆపరేషన్లలో తీసిన గడ్డలను పట్టుకుని అక్కడికే వెళ్లాడు. గట్టి గడ్డకు, నీటి గడ్డకు ప్రతిధ్వని వేరుగా వస్తుందని చూశాడు. ఆ తర్వాత పొట్ట బాగా పెరిగిన ఒక స్త్రీని ఆయన దగ్గరికి తెచ్చారు. కడుపులో క్యాన్సర్ ముదిరిపోయింది, ఇక చేసేదేమీ లేదని అప్పటికే చెప్పేశారు. స్కాన్‌లో అది అండాశయానికి పట్టిన పెద్ద నీటి గడ్డ అని తేలింది. ఆపరేషన్ చేసి తీసేశారు, ఆమె బతికింది. 1958లో డొనాల్డ్, ఆయన సహచరులు ఈ పనిని లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. పైనుండి చూసి పొట్ట గురించి తీర్పు చెప్పే అలవాటు మన హాస్టల్‌కే కాదన్నమాట.

ఇప్పుడు అసలు విషయం, రోజుల లెక్క. స్కానింగ్‌కు ఏ రోజున తీసుకెళ్లామన్నదాన్ని బట్టే జవాబు ఉంటుంది. కుక్క చూలుకాలం అండం విడుదలైన రోజు నుండి సుమారు 63 రోజులు. జత కట్టిన రోజు నుండి లెక్కేస్తే మాత్రం 57 నుండి 72 రోజుల వరకు ఎంతైనా రావచ్చు. ఎందుకింత తేడా? కుక్క అండం విడుదలయ్యాక ఇంకా రెండు మూడు రోజులకు గాని పక్వానికి రాదు. మగకుక్క వీర్యకణాలు లోపల కొన్ని రోజులు బతికే ఉంటాయి. అందుకని ఒక కుక్క ముందే జతకట్టవచ్చు, ఇంకోటి ఆలస్యంగా కట్టవచ్చు. మనం చూసిన రోజు, లోపల చూలు మొదలైన రోజు ఒకటి కావు. దీని ఫలితం ఏమిటంటే, జత కట్టిన 20వ రోజుకే స్కాన్ చేయించి లేదన్నారని వదిలేస్తే మోసపోవచ్చు. ఆ కుక్క నిజంగా 15వ రోజులోనే ఉండి ఉండవచ్చు. 25 నుండి 35 రోజుల మధ్య చూపిస్తే మేలు. 25వ రోజు దగ్గరలో లేదని వస్తే వారం, పది రోజుల తర్వాత మళ్లీ చూపించాలి.

కుక్క గర్భాశయం ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో ఉంటుంది. రెండు పొడవాటి కొమ్ములు. వాటిలో పిల్లలు దారానికి గుచ్చిన పూసల్లా వరుసగా ఉంటాయి. మూడు వారాలు దాటాక స్కాన్‌లో గుండ్రటి నల్లటి సంచులు కనిపిస్తాయి. నలుపు అంటే నీరు. 25వ రోజు వచ్చేసరికి సంచిలో బియ్యపు గింజ వంటి తెల్లటి చుక్క, అందులో మిణుకు మిణుకుమని ఒక కదలిక. అది గుండె. మొదటిసారి చూసినప్పుడు మాలో ఒకడు యంత్రంలో ఏదో లోపమనుకున్నాడు. తల్లి గుండె నిమిషానికి 70 నుండి 120 సార్లు కొట్టుకుంటే పిల్ల గుండె 200కు పైనే కొట్టుకుంటుంది. అంటే సెకనుకు మూడుసార్ల కంటే ఎక్కువ. ఐదో వారానికి కాళ్లు, తల తెలుస్తాయి. చివరి వారంలో పిల్ల పేగులు కదలడం కూడా కనిపిస్తుంది. అది కనిపిస్తే పిల్ల పుట్టడానికి సిద్ధమైనట్టు. కాన్పు రోజుల్లో పిల్ల గుండె 180 కంటే తగ్గితే డాక్టర్లు జాగ్రత్తపడతారు, 150 దగ్గరికి పడిపోతే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

చీము పట్టినప్పుడు కనిపించే బొమ్మ వేరు. వేరువేరు సంచులు ఉండవు. ఉబ్బిన గొట్టం పొడవునా నీరు, అందులో మసక మసకగా తేలే నలుసులు. మిణుకుమనేది ఏదీ ఉండదు. దొంగ చూలులోనైతే గర్భాశయం సన్నగా ఖాళీగా ఉంటుంది. ప్రోబ్ పెట్టాక ఈ మూడింటినీ వేరు చేయడం అనుభవం ఉన్న డాక్టరుకు నిమిషాల పని.

స్కానింగ్ సరిగా చెప్పలేనిది ఒకటుంది. పిల్లలు ఎన్ని? అందరూ మొదట అడిగేది ఇదే. గర్భాశయపు కొమ్ములు మడతలు పడి ఉంటాయి కాబట్టి ఒకే పిల్లను రెండుసార్లు లెక్కపెట్టవచ్చు, వెనకాల ఉన్నదాన్ని అసలు చూడకపోవచ్చు. పైగా ఐదో వారం లోపల కొన్ని పిండాలు చనిపోయి, బయటికి ఏమీ తెలియకుండానే తల్లి శరీరంలో ఇంకిపోతాయి. సంఖ్య కావాలంటే ఎక్స్‌రే తీయాలి. 45వ రోజు తర్వాత పిల్లల ఎముకల్లో కాల్షియం చేరి ఎక్స్‌రేలో కనిపించడం మొదలవుతుంది. 55 దాటాక తీస్తే తలలు, వెన్నెముకలు లెక్కపెట్టవచ్చు. ఆ లెక్క ఎందుకంటే, ఆరు ఉన్నాయని తెలిస్తే ఐదు పుట్టాక అయిపోయిందని అందరూ పడుకోరు. ఆడా మగా అని అడిగేవాళ్లూ ఉన్నారు. మనుషుల స్కానింగ్ కేంద్రాల్లో లింగనిర్ధారణ నేరమని బోర్డు ఉంటుంది కదా, 1994 నాటి ఆ చట్టం మనుషుల కోసం. కుక్కల విషయంలో డాక్టరు చూసేది గుండె కొట్టుకుంటోందా అని. మిగతాది ఎవరికీ పట్టదు.

పుట్టిన పిల్లలకు కూడా ఈ యంత్రం పనికొస్తుంది. పార్వో జబ్బుతో వాంతులు, నెత్తుటి విరేచనాలు అయ్యే పిల్లల్లో ఒక్కోసారి పేగు పేగులోకే దూరిపోతుంది. స్కాన్‌లో అది ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు వలయాలు వలయాలుగా కనిపిస్తుంది. దానికి మందులు చాలవు, ఆపరేషన్ కావాలి. పుట్టుకతో గుండెలో మూసుకోవలసిన నాళం మూసుకోకపోయినా, పేగుల నుండి వచ్చే రక్తం కాలేయాన్ని తప్పించుకుని పోతున్నా స్కాన్‌లో పట్టుకోవచ్చు. చివావా వంటి చిన్నజాతి పిల్లల నడినెత్తి మీద ఎముక కలవని మెత్తటి చోటు ఉంటే, అక్కడ ప్రోబ్ పెట్టి మెదడులో నీరు చేరిందేమో చూస్తారు. ఎముక గుండా ఈ ధ్వని సరిగా పోదు కాబట్టి ఆ కిటికీ మూసుకుపోతే ఆ అవకాశం పోయినట్టే.

అన్ని పశువైద్యశాలల్లోనూ ఈ యంత్రం ఉండదు. పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో, కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఉంటుంది. వెళ్లే ముందు కనుక్కొని వెళ్లడం మంచిది. ఇదే పద్ధతిలో గేదెకు, ఆవుకు నెల రోజులకే చూలు చూడవచ్చు. మన ఇళ్లకు అదే ఎక్కువ అవసరం కూడా. దాని గురించి వచ్చే సంచికలో రాస్తాం.

మీకు తెలుసు, ఇప్పుడు ట్యాంకు దగ్గర చుక్కి ఉంటోంది. 2025 సెప్టెంబరులో వినాయక నిమజ్జనం అయిన రోజుల్లో మగకుక్కలు తిరిగాయని వాచ్‌మన్ అన్న చెప్పాడు. మాకు చెప్పింది ఫోనులో, అదీ మాటల మధ్యలో. వెంటనే ఆ తేదీ రాసుకోమన్నాం. దసరా సెలవులయ్యాక మేము వచ్చి దాన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. మూతికి గుడ్డపట్టీ కట్టాం. ఎంత మచ్చికైన కుక్కైనా బల్ల మీద పడుకోబెడితే కరవవచ్చు. ఆటో అతను వీధికుక్కకు స్కానింగా అని దారి పొడవునా నవ్వాడు. లోపలికి వచ్చి తెరమీద నాలుగు గుండెలు చూశాక మాత్రం ఫోను తీసి వీడియో పట్టుకున్నాడు. కనీసం నాలుగు అన్నారు డాక్టరు గారు. నవంబరు మొదటివారంలో ఎక్స్‌రే తీస్తే ఆరు తలలు కనిపించాయి.

వాచ్‌మన్ అన్నకు మూడు మాటలు చెప్పి వెళ్లాం. ఒకటి, రోజూ రెండుసార్లు థర్మామీటరు పెట్టి రాయాలి. మామూలుగా 101 నుండి 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండేది 99 కంటే తగ్గితే ఒక రోజు లోపల కాన్పు అవుతుంది. రెండు, అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే, లేదా ఒక పిల్లకూ ఇంకో పిల్లకూ మధ్య రెండు గంటలు దాటితే, లేదా మొదటి పిల్లకు ముందే పచ్చటి ద్రవం కారితే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూడు, ఈనిన కుక్క దగ్గరికి చిన్నపిల్లలను పోనివ్వకూడదు. కరిస్తే గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పోసే నీటితో కడిగి వెంటనే టీకాకు వెళ్లాలి.

కార్తీక పౌర్ణమి వెళ్లిన నాలుగో రోజు, నవంబరు 9న చుక్కి ఈనింది. ఐదు పుట్టాక లేచి నీళ్లు తాగిందట. వాచ్‌మన్ అన్న ఎక్స్‌రే లెక్క గుర్తుపెట్టుకుని టార్చిలైటుతో అక్కడే కూర్చున్నాడు. గంటన్నరకు ఆరోది వచ్చింది. ఒకటి బలహీనంగా పుట్టి రెండో రోజు పోయింది. మిగతా ఐదూ బాగున్నాయి. వాటికి ఆరు వారాలు నిండేది డిసెంబరు 21, అది ఆదివారం. కాబట్టి మొదటి టీకాకు 22వ తేదీని వార్డెన్ గారి గదిలో క్యాలెండరు మీద ఎర్ర సిరాతో చుట్టి పెట్టాం. ఆటో అతను తానే వస్తానన్నాడు.